ముసాఫరు బంగళాలో ఖాళీ గోడ

మొన్న తొలివాన పడిన మధ్యాహ్నం గంపలగూడెం బస్సు కండక్టరు తిరువూరులో మా గుమ్మం ముందు ఆగి, "అమ్మా, వినగడపలో మీ పెదనాన్నగారు పోయారండి" అన్నాడు. టికెట్ల సంచి భుజాన ఉండగానే తల వంచుకుని నిలబడ్డాడు. పెదనాన్న బొమ్మల చుట్టలను తిరువూరుకు మోసుకొచ్చింది అతని బస్సే.

పెదనాన్న సిరాతో బొమ్మలు వేసేవారు. ఆ సిరా కూడా కొనేవారు కాదు. ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి, పట్టిన మసిని తుమ్మబంకతో నూరేవారు. ఇంట్లో తువ్వాళ్ళన్నీ నల్లనే. పెద్దమ్మ బతికినన్నాళ్ళూ తిడుతూనే ఉండేది పాపం. "రంగులు వేస్తే ఏం పోతుంది పెదనాన్నా?" అని నేను దెప్పితే నవ్వేవారు.

"నలుపులో అన్నీ ఉంటాయే పిచ్చిదానా. నీళ్ళు తగిలితే అవే బయటికొస్తాయి."

తిరువూరులో దొరల కాలంలో ప్రయాణికులు బస చేసిన ముసాఫరు బంగళా ఉంది. అందులో ఆయన బొమ్మలు పెట్టి చిత్రశాల చేద్దామని మిల్లు షావుకారుగారు పూనుకున్నారు. పెదనాన్న ముందు ససేమిరా అన్నారు. తర్వాత ఒప్పుకున్నది ఒక్క గోడ కోసం. వయసులో ఉన్నప్పుడు, పాడుబడ్డ ఆ హాలు గోడ మీద ఆయన వాళ్ళమ్మను వేశారు. రెడ్డిగూడెం మామిడితోటల మీదుగా వాన తరుముకొస్తుంటే, గోనెసంచి నెత్తిన కప్పుకుని పరుగెత్తుకొస్తున్న మా నాయనమ్మ. ఏళ్ళ తరబడి అక్కడ తలదాచుకున్నవాళ్ళ దీపాల మసి పట్టి, తెలిసినవాళ్ళ కంటికే ఆ బొమ్మ ఆనేది. ఆవిడకు ఫోటో అంటూ లేదు. ఆవిడ మొహం ఇక ఈ లోకంలో ఆ గోడ మీదే ఉంది.

"ఆ గోడ జాగ్రత్త షావుకారుగారూ, మేకు కొట్టనివ్వకండి" అని పదేపదే చెప్పారు గానీ, దాని మీద ఏముందో చెప్పలేదు.

కానీ మనవాళ్ళకు శుభకార్యమంటే ముందు సున్నాలే కదా! ఉగాది వెళ్ళాక చిత్రశాల తెరిచారు. షావుకారుగారు మొహం వెలిగిపోతూ ఎదురొచ్చారు. "మీరు చెప్పినట్టే ఒక్క మేకూ కొట్టనివ్వలేదండి. గోడంతా దీపాల మసి పట్టిపోయి ఉంటే సున్నం కూడా వేయించా. చూడండి, ఎంత తెల్లగా ఉందో!"

నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోతే పెదనాన్న నా మోచెయ్యి పట్టుకున్నారు. గోడను తడిమి, "బాగుందండి" అన్నారు. మెడలో దండతో సాయంత్రం దాకా ఆ గోడ ఎదురుగానే కూర్చున్నారు.

ఆయన్ని వినగడపలో దించడానికి వెళ్తూ బస్సులో "గీకించేద్దాం" అన్నాను.

"వద్దే. గీకితే అమ్మకి దెబ్బ తగులుద్ది" అని కిటికీ వైపు తిరిగి ఏడ్చారు. అంత పెద్దాయన అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

ఎండాకాలమంతా వస్తూనే ఉన్నారు. జనం మిగతా గోడల మీది బొమ్మలు చూస్తుంటే, ఆయన బెంచీని ఖాళీ గోడ వైపు తిప్పుకుని కూర్చునేవారు. మతి చలించిందనుకున్నారు అందరూ. నేను క్యారియర్లో అన్నం తీసుకెళ్తే, "ఇక్కడే ఉందే, కాస్త ఇటువైపు" అని గాల్లో వేలితో గీసి చూపించేవారు. ఆ వేలిని చూస్తూ ఉంటే, బయట ఎండ పేలిపోతున్నా నాకు తోటల మీద మబ్బు కమ్ముకొస్తున్నట్టే ఉండేది.

కర్మకాండలు ముగిశాక వానలోనే తిరిగొచ్చాను. ఇంటికి పోబుద్ధి కాక బంగళాకు వెళ్ళాను. పెంకులు జారి, ఆ గోడ మీదికి నీళ్ళు దిగుతున్నాయి. తడిసిన చోటల్లా సున్నం తెలుపు పలచబడి లోపలి నలుపు పైకి వస్తోంది. ముందు సంచి అంచు. ఆ తర్వాత పాదం, ఎగురుతున్న కొంగు. అమ్మయ్యో, మొహం. మా నాయనమ్మ.

షావుకారుగారు గొడుగుతో వచ్చి అలాగే నిలబడిపోయారు. "ఎవరమ్మా ఈవిడ?"

"ఆయన తల్లండి."

"ఎంత పని చేశాన్రా దేవుడా! పెద్దాయన ఒక్క మాటైనా అనలేదే!" అంటూ బెంచీ మీద కూలబడ్డారు. ఆయన మీద ఇన్నాళ్ళు దాచుకున్న కోపం ఎటు పోయిందో తెలియదు. ఒక్క వాన, ఇంకొక్క వాన ఆగి ఉంటే పెదనాన్న చూసేవారు.

"పెంకులు సర్దించమంటారా?" అని షావుకారుగారు మెల్లిగా అడిగారు.

"ఈ వానకి వద్దండి."

ఇద్దరం పెదనాన్న బెంచీ మీదే కూర్చున్నాం. చాలాసేపటికి వాన వెలిసింది. గోడ ఆరేకొద్దీ నాయనమ్మ తెలుపులోకి వెళ్ళిపోయింది. గోనెసంచి అంచు మాత్రం కాసేపు నల్లగా నిలిచింది.