మిషను చూడని మచ్చ

నాకు ఒక శత్రువు ఉన్నాడు. పెద్ద చదువులు చదివినవాడు, నెమ్మదస్తుడు, ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి. ఆయన నిండు నూరేళ్ళూ బతకాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. తొందరగా పోతే ఆకివీడు సభలో జరిగింది కూడా తొందరగా మరిచిపోతాడు కదా. మా పెద్దమ్మ కుడిచెయ్యి చెడిపోవడంలో ఆయనకు వాటా ఉంది. ఆ వాటా ఆయనకు నేను ముట్టజెప్పిన వైనం ఇది.

ఆయన్ని సారు అనే అంటాను, అప్పట్లో అలాగే పిలిచేదాన్ని. తాడేపల్లిగూడెం అవతల ఒక చిన్న ప్రైవేటు పరిశోధన కేంద్రానికి ఆయన పెద్ద. నేను చదివింది మొక్కల తెగుళ్ళ శాస్త్రం. అక్కడ కాంట్రాక్టు ఉద్యోగం. ఉంగుటూరు చుట్టుపక్కల కాలవ గట్ల వెంట స్కూటీ మీద తిరిగి వరి ఆకుల ఫొటోలు తీయడం నా పని. జబ్బు ఆకులూ, మంచి ఆకులూ వేలకొద్దీ చూపిస్తే ఏది అగ్గి తెగులో, ఏది పాముపొడో కంప్యూటరు తనంతట తనే నేర్చుకుంటుంది. ఆ తర్వాత రైతు తన ఫోన్లో ఆకు చూపిస్తే చాలు, జబ్బు పేరు చెప్పేస్తుంది. ఎండనక బురదనక తిరిగాను. ఇష్టంగానే తిరిగాను.

మా వైపు ఒక పట్టింపు ఉంది. చేను పొట్ట మీదుంటే రైతు మంచి ఆకు తుంచనివ్వడు. "కడుపుతో ఉన్నదాన్ని గిల్లుతారేంటండీ" అని మొహం మీదే అనేస్తాడు. జబ్బు ఆకైతే మాత్రం తనే పీకి, అరచేతిలో పరిచి చూపిస్తాడు. దాంతో నా ఫొటోల్లో జబ్బు ఆకు ఉన్నచోటల్లా దాని కింద ఎవరిదో అరచెయ్యి ఉండేది. మంచి ఆకులు చేలో ఎక్కడివక్కడే గాలికి ఊగుతూ ఉండేవి.

ఒకరోజు నా అరచేతిలో గరికపోచ పెట్టి కంప్యూటరుకు చూపించాను. అగ్గి తెగులంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది. సారు గదిలోకి వెళ్ళాను.

"సార్, ఇది ఆకును చూడట్లేదండీ. చేతిని చూస్తోంది. చెయ్యి కనపడితే జబ్బంటోంది. ఫొటోలన్నిట్లో చేతులు కత్తిరించి మళ్ళీ నేర్పించాలండీ."

"అమ్మా, మీరు ఆకుల సంగతి చూడండి. కంప్యూటరు సంగతి మాకొదిలేయండి" అన్నారు నవ్వుతూ. ప్లేటు నా వైపు జరిపి బిస్కెట్టు తీసుకోమన్నారు. నేను తీసుకుని తిన్నాను కూడా. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కొన్నాళ్ళకు సారు ఆ పని గురించి ఒక పెద్ద పత్రికలో వ్యాసం వేయించుకున్నారు. శాలువాలు కప్పించుకున్నారు. వ్యాసంలో నా పేరు ఎక్కడా లేదు. చివర్లో పొలం పనిలో సాయపడినవారికి కృతజ్ఞతలు అని ఒక ముక్క ఉంది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు మన పెద్దలు. వెళ్ళి అడిగితే మళ్ళీ అదే నవ్వు. ఆ ఏడాది కాంట్రాక్టు పొడిగించలేదు. కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టారు.

ఏలూరు వచ్చి ఇంటరు పిల్లలకు బోటనీ చెప్పుకుంటూ ఆ కోపాన్ని పెంచుకున్నాను. వాడిపోకుండా రోజూ నీళ్ళు పోశాను. ఆదివారం చర్చిలో పాస్టరు గారు శత్రువుల కోసం ప్రార్థించండి అన్నప్పుడు కళ్ళు మూసుకుని, ప్రభువా, ఆయన పదిమందిలో పట్టుబడే రోజు నాకు చూపించు అని ప్రార్థించేదాన్ని. అయినా అప్పటికి అది పేరు కోసం కోపమే. పేరు పోతే మనిషి బతుకుతాడు.

పెద్దమ్మ సంగతి చెప్పాలి. మా అమ్మ నర్సు. డ్యూటీలతో ఆవిడకు ఇల్లు పట్టేది కాదు. నన్ను పెంచింది అమ్మ అక్కే. పెదనాన్న పోయాక, పిల్లలు లేని మనిషి, ఆకివీడు దగ్గర రొయ్యల షెడ్డులో పనికి కుదిరింది. చెరువుల నుంచి వచ్చిన రొయ్యలను ఐసు గుట్టల్లోంచి తీసి తలలు వొలవడం పని. నా దగ్గరికి వచ్చి ఉండమంటే, "చేతులాడినన్నాళ్ళు ఎవరి మీదా ఆధారపడకూడదమ్మా" అనేది. ఆవిడ గర్వమంతా ఆ చేతులే.

ఒక సెలవు రోజు పాసింజరు రైలెక్కి నన్ను చూడ్డానికి వచ్చింది. పొయ్యి మీంచి దించిన టీ స్టీలు గ్లాసులో పోసి బల్ల మీద పెట్టాను. గుడ్డ తెచ్చేలోపే పెద్దమ్మ కుడిచేత్తో గ్లాసు చుట్టూ పట్టుకుని తాగడం మొదలెట్టింది.

"పెద్దమ్మా, చెయ్యి కాలట్లేదా?"

"ఈ చేతికి వేడి తెలీట్లేదమ్మా. ఐసులో పెట్టీ పెట్టీ తిమ్మిరెక్కిపోయింది. మా షెడ్డులో అందరికీ అంతేగా."

చెయ్యి పట్టుకుని చూశాను. ముంజేతి మీద పాలిపోయిన మచ్చ. చిటికెన వేలు, పక్కనున్న ఉంగరం వేలు కాస్త లోపలికి వంగి ఉన్నాయి. చాపమంటే పూర్తిగా చాపలేకపోయింది.

"ఎవరికైనా చూపించావా?"

"అయ్యో, ఎప్పుడో చూపించాను. మా షెడ్డు కాడ క్యాంపు పెట్టారు. ఫోన్లో ఫొటో తీస్తే మిషను చెప్పేసింది, తామరేనంట. ట్యూబు రాసుకోమంది. రాస్తానే ఉన్నాను. డాక్టరైతే పొరపాటు పడొచ్చు గానీ మిషను పడదు కదమ్మా."

ఆ క్యాంపు వాళ్ళిచ్చిన గుడ్డసంచీ ఆవిడ దగ్గరే ఉంది. దాని మీద అచ్చేసిన ఫొటోలో సారు నవ్వుతున్నాడు. వరి ఆకు మీద మచ్చ చూసిన మిషనుకు మనిషి ఒంటి మీద మచ్చ ఒక లెక్కా అనుకుని, అదే మిషనుతో వైద్యంలోకి దిగాడు.

మర్నాడే ఏలూరులో ఒక చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాను. చిన్నమ్మాయే గానీ నిదానస్తురాలు. పెద్దమ్మను కళ్ళు మూసుకోమని మచ్చ మీద దూదిపోచతో తాకింది. తాకినట్టు తెలిసినప్పుడల్లా చెప్పమంది. పెద్దమ్మ చాలాసేపు ఏమీ చెప్పలేదు. చివరికి, "మొదలెట్టారాండీ?" అని అడిగింది. డాక్టరమ్మ నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. స్పర్శ లేనంతమేరా మచ్చ చుట్టూ బాల్ పెన్నుతో గీత గీసి, ఫొటో తీసుకుంది.

"కుష్ఠేనండీ. భయం లేదు, మందులతో పూర్తిగా పోతుంది. వేళ్ళ నరం మాత్రం బాగా దెబ్బతింది. ముందే వచ్చుంటే నిలిచేది. ఇప్పుడు ఆ రెండు వేళ్ళు ఎంతవరకు వస్తాయో చెప్పలేను."

నేను ఆ పెన్ను గీతనే చూస్తున్నాను. "క్యాంపుల మిషనుకు ఫొటోలు మీరేమైనా ఇచ్చారాండీ?" అని అడిగాను.

"మావే చాలా ఉన్నాయండీ. జబ్బని తేలాక ఇలా గీత గీసి తీస్తాం, పెరిగిందో తగ్గిందో తెలియాలి కదా. తామరకైతే గీత దేనికి?"

ఇంటికొచ్చి ఆ మిషనును నా ఫోన్లో వేసుకున్నాను. ఎవరైనా వేసుకోవచ్చు. నా చేతి మీద దోమకాటు ఉంటే చూపించాను. ఏమీ లేదంది. దోమకాటు చుట్టూ పెన్నుతో గీత గీసి మళ్ళీ చూపించాను. కుష్ఠు అనుమానం, వెంటనే డాక్టరును కలవండి అంది. అప్పుడు అరచేతుల్ని చూసి మోసపోయింది, ఇప్పుడు పెన్ను గీతల్ని చూసి మోసపోతోంది. చెప్పినా వినని మనిషి అదే తప్పు మళ్ళీ చేశాడు. ఈసారి వరి చేను కాదు, మా పెద్దమ్మ.

ఆ మిషనును జిల్లా అంతా తిప్పడానికి ఆకివీడు కల్యాణ మండపంలో సభ పెడుతున్నారని తెలిసింది. ఆఫీసర్లొస్తారు, చెరువుల రైతులొస్తారు, షెడ్డు ఆడవాళ్ళను బస్సుల్లో తెస్తారు. డాక్టరమ్మ చేత కాగితం రాయించి సారుకు పంపించవచ్చు. పంపిస్తే సారు నవ్వి బిస్కెట్టు ఇస్తాడు. నాకు ఆయన మొహం కావాలి. పెద్దమ్మను అడిగాను, నలుగురిలో చెయ్యి చూపించడానికి ఒప్పుకుంటావా అని.

"నాకేం సిగ్గమ్మా. మా షెడ్డులో ఇంకా కొందరికున్నాయి ఇలాంటి మచ్చలు. మిషను చెప్పిందని ఊరుకున్నారు. ఆళ్ళ చేతులైనా మిగలాలి."

సభలో సారు చాలా బాగా మాట్లాడారు. ఎవరైనా ముందుకొచ్చి పరీక్ష చేయించుకోవచ్చు అనగానే పెద్దమ్మను తీసుకుని వేదికెక్కాను. ఆయన నన్ను గుర్తుపట్టారు.

"ఏమ్మా, బాగున్నారా?"

"మీ దయవల్ల బాగానే ఉన్నానండీ."

గోదావరి జిల్లాల వాళ్ళం, పీక పిసికినా అండీ అంటూనే పిసుకుతాం.

మిషను పెద్దమ్మ చెయ్యి చూసి తామర అని పైకి చదివింది. నేను పెన్ను తీసి మచ్చ చుట్టూ గీత గీశాను. మళ్ళీ చూపించమన్నాను. కుష్ఠు అనుమానం అని చదివింది. మండపంలో గుసగుసలు మొదలయ్యాయి. సారు మైకు అందుకోబోయారు.

"ఒక్క నిమిషం సార్. మీ చెయ్యి ఇలా ఇవ్వండి."

ఆయన ఆఫీసరు వైపు చూశారు. "ఇవ్వండి సార్, ఏం పోయింది" అన్నాడు ఆఫీసరు. ఆయన చొక్కా చెయ్యి నేనే మడిచాను, నెమ్మదిగా, శుభ్రంగా. ముంజేతి మీద చిన్న పుట్టుమచ్చ ఉంది. దాని చుట్టూ గుండ్రంగా గీశాను. మిషను ఆ మైకులోనే చదివింది, సారుకు కుష్ఠు అనుమానమని, వెంటనే డాక్టరును కలవమని.

ఆయన పక్కన కూర్చున్న పెద్దమనిషి తన కుర్చీ కాస్త అవతలికి జరుపుకున్నాడు. జబ్బు లేదని తెలిసి కూడా జరుపుకున్నాడు. సారు మొహం తేలు కుట్టిన దొంగ మొహంలా అయింది, అరవలేడు, ఊరుకోలేడు. అప్పుడు నేను మైకు తీసుకుని చేతుల సంగతీ, గీతల సంగతీ అందరికీ అర్థమయ్యేలా చెప్పాను. మిషను మాట నమ్మి ఊరుకున్నవాళ్ళంతా డాక్టరు దగ్గరికి వెళ్ళండి అన్నాను. ఆఫీసరు అక్కడికక్కడే క్యాంపులు ఆపించాడు. నాకు ఎంత సంతోషమేసిందంటే, సభ వాళ్ళు పెట్టిన భోజనం మారు వడ్డించుకుని మరీ తిన్నాను.

తిరుగు బస్సులో చాలా దూరం వచ్చాక పెద్దమ్మ, "ఆ పెద్దమనిషి కుర్చీ జరుపుకున్నాడు చూశావా? రేపు నా పక్కన కూడా అలాగే జరుపుకుంటారు" అంది.

"జరుపుకోనీ. నీ పక్కన నేను కూర్చుంటాను."

షెడ్డు ఆడవాళ్ళలో కొందరికి జబ్బు బయటపడింది. తొందరగా మందు పడింది కాబట్టి వాళ్ళ వేళ్ళు నిలిచాయి. పెద్దమ్మకు జబ్బు పోయింది, వేళ్ళు రాలేదు. రొయ్యలు వొలవలేక నా దగ్గరికే వచ్చేసింది. ఆధారపడకూడదన్న మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉంటుంది.

మొన్న వర్షాల్లో సారు మా ఇంటికి వచ్చారు. యాపిల్ పండ్లు తెచ్చారు. చాలాసేపు వాన గురించి మాట్లాడి అప్పుడు విషయానికి వచ్చారు.

"పొరపాటు జరిగిందండీ. అన్నీ దిద్ది వ్యాసం మళ్ళీ రాస్తున్నాం. పాతది వెనక్కి తీసుకుంటాం. కొత్తదాంట్లో మొదట మీ పేరే ఉంటుంది."

ఒకప్పుడు ఆ మాట కోసం ఆయన గది బయట నిలబడి కాళ్ళు పీకేవి. "నా పేరు వద్దండీ" అన్నాను. "పాతదాన్ని కూడా తీసేయకండి. మీ పేరుతో అలాగే ఉండనివ్వండి. మీరు చేసింది ఎవరు వెతికినా మీ పేరు మీదే దొరకాలి."

ఆయన లేచారు. గుమ్మం దగ్గర పెద్దమ్మ కనపడితే చేతులు జోడించారు. పెద్దమ్మకు ఆయన మీద కోపం లేదు, ఎవరి మీదా ఉండదు. "వందనాలండీ" అని తనూ చేతులు జోడించబోయింది. ఎడమచేతి వేళ్ళు నిటారుగా నిలబడ్డాయి. కుడిచేతి రెండు వేళ్ళు వంగి వాటికి ఆనలేదు. మర్యాద తక్కువవుతుందని కాబోలు, ఎడమచేత్తో ఆ వేళ్ళు పట్టుకుని లేపబోయింది. వదలగానే అవి మళ్ళీ పడిపోయాయి. మళ్ళీ లేపింది.

సారు తల దించుకున్నారు.

"దించుకోకండి సార్" అన్నాను. "చూడండి."