బ్యాండ్ వేసుకున్న కడుపుతో ఫుజైరా వెళ్ళిన శుక్రవారం

నేను దుబాయ్‌లో, కరామాలో ఉన్న నా కూతురి ఇంటికి వచ్చి పదమూడు నెలలు దాటినా, రెండు గంటల ప్రయాణం దూరంలో ఫుజైరాలో ఉన్న నా చెల్లెలు సుగుణ ఇంటికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. పిలిచిన ప్రతిసారీ మనవరాలి పరీక్షలనో, మోకాళ్ళ నొప్పులనో ఏదో ఒకటి చెప్పాను. చివరికి 2007 జనవరిలో ఒకరోజు ఫోన్ చేసి, "నువ్వు రాకపోతే నేనే కరామా వచ్చి మీ గుమ్మం ముందు కూర్చుంటానక్కా" అంది. శుక్రవారం దానికి ఆస్పత్రిలో సెలవు. వస్తానని చెప్పక తప్పలేదు.

మొదట్లో నిజంగానే మోకాళ్ళవల్ల వెళ్ళలేదు గాని, తర్వాత తప్పించుకు తిరగడానికి అసలు కారణం నా పొట్టలో ఉంది. అప్పటికి నాలుగు నెలల కిందట బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకున్నాను. జీర్ణాశయం పైభాగం చుట్టూ మెత్తటి రింగులాంటి బ్యాండ్ బిగిస్తారు. దానిపైన చిన్న గిన్నెడు చోటు మిగులుతుంది. అది నిండితే చాలు, ఆకలి తీరుతుంది. నూట నాలుగు కిలోల నుంచి తొంభై ఒకటికి దిగాను. షుగరు మాత్ర ఒకటి తగ్గింది. లిఫ్టు పాడైన రోజున రెండో అంతస్తు దాకా ఆగకుండా ఎక్కగలిగాను. అయితే నియమాలు గట్టివి. ముందు గుడ్డో చేపో పప్పో, తర్వాత కూర, చోటుంటేనే రెండు చెంచాల అన్నం. వేలిగోరంత ముద్ద, ఒక్కొక్కటి పాతికసార్లు నమలాలి. తిండి మధ్యలో నీళ్ళు తాగకూడదు, తిన్నాక కూడా అరగంట ఆగాలి. మెత్తటి రొట్టె, పీచు మాంసం దగ్గరికి పోకూడదు. ఏ పూట ఏం తిన్నానో, ఎన్ని నిమిషాలు పట్టిందో నోటు పుస్తకంలో రాసేదాన్ని. అంత రాస్తూ కూడా డిసెంబరులో రెండుసార్లు తొందరపడి మింగి వాంతి చేసుకున్నాను. మళ్ళీ మళ్ళీ అలా జరిగితే బ్యాండ్ జారిపోతుందని, అప్పుడు తీసెయ్యాల్సి రావచ్చని డాక్టరుగారు చెప్పారు. అందుకని బయట తినడమంటేనే భయం పట్టుకుంది.

ఆపరేషన్ సంగతి నా కూతురికి, అల్లుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ముఖ్యంగా సుగుణకి తెలియకూడదనుకున్నాను. మా అమ్మ పోయినప్పుడు దానికి పదకొండేళ్ళు. నాకప్పుడే పెళ్ళయి, భీమవరంలో హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. అది నా దగ్గరే పెరిగింది. బొద్దుగా ఉండేది. రెండో ఇడ్లీ కాగానే దాని ముందునుంచి కంచం తీసేసేదాన్ని. నోరు కట్టుకోలేనిదానికి చదువెలా వస్తుందని చుట్టాల ముందే అనేదాన్ని. చదువు వచ్చింది, నర్సయింది, తన కాళ్ళమీద తను నిలబడింది. ఇప్పుడు నేను నోరు కట్టుకోలేక కడుపు కట్టించుకున్నానని దానితో చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

శుక్రవారం ఉదయం ఒక కప్పు పాలు తాగి, ఉడికించిన గుడ్లు రెండు, చిన్న డబ్బాలో గట్టి పెరుగు సంచిలో పెట్టుకుని ఏడింటికి బయల్దేరాను. కరామా నుంచి దేరాలో టాక్సీలు ఆగే చోటికి పన్నెండు దిర్హములయింది. అక్కడినుంచి ఫుజైరాకు మనిషికి పాతిక దిర్హముల చొప్పున షేర్ టాక్సీలు వెళ్తాయి. బండి నిండితేనే కదులుతుంది కాబట్టి శుక్రవారం ముప్పావుగంట ఆగవలసి ఉంటుందని లెక్క వేసుకోండి. ఆడవాళ్ళు ముందుసీటు అడిగితే ఇస్తారు. మా బండి ఏడూ యాభైకి కదిలింది. డ్రైవరు రాజన్నది జగిత్యాల దగ్గర పల్లె. నేను తెలుగులో మాట్లాడేసరికి అతని మొహం విప్పారింది.

ధైద్ దాకా ఎర్ర ఇసుక, అక్కడక్కడా ఒంటెలు. తొమ్మిదికి కాస్త ముందు అక్కడ టీకి ఆపాడు. అందరూ దిగి సమోసాలు తింటున్నారు. నేను సీట్లోనే కూర్చుని ఒక గుడ్డు ఒలిచాను. రాజన్న రెండు టీలు తాగి, ఎవరితోనో మాట్లాడి తిరిగొచ్చేసరికి నా చేతిలో ఇంకా పావువంతు గుడ్డు ఉంది.

"పెద్దమ్మా, పండ్లు నొస్తున్నయా ఏంది?"

"లేదు నాయనా. నెమ్మదిగా తినమన్నారు డాక్టరు."

"ఒక్క గుడ్డుకు ఇర్వై నిమిషాలా? నేను సైట్ల పనిజేసేటప్పుడు ఇర్వై నిమిషాల్ల అన్నం తిని, బీడీ తాగి, కునుకు గూడ తీసేటోన్ని. ముదీర్, గదే మేనేజర్, యల్లా నడువున్రి అంటే లేసుడే."

"దానివల్లే ఆ పొట్ట."

"గది నిజమే," అని పొట్ట నిమురుకున్నాడు. "తినున్రి, తినున్రి. ఈళ్ళ సమోసాలు గూడ కానియ్యి."

మసాఫీ దగ్గరపడే కొద్దీ దారికి రెండువైపులా కొండలు దగ్గరికి వస్తాయి. పచ్చిక లేని రాతికొండలు, చూడటానికి కాలిన ఇటుకల రంగు. తివాచీలు, పండ్లు అమ్మే దుకాణాల వరస ఉంటుంది. కొనదలచినవాళ్ళు తిరుగుప్రయాణం దాకా ఆగడం మంచిది, షేర్ టాక్సీలో సామాను పెట్టుకునే చోటు తక్కువ. పదింపావుకు ఫుజైరా చేరాం. ఊరు దుబాయ్‌లా పరుగెత్తదు. సుగుణ ఇంటికి ఊళ్ళో టాక్సీకి అయిదు దిర్హములు.

తలుపు తీసి, నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఎంత చిక్కిపోయావక్కా. మీ అమ్మాయి అన్నం పెట్టడం లేదా?" అంది సుగుణ. లోపల బల్లమీద గిన్నెలు అప్పటికే వరసగా ఉన్నాయి. వంజరం పులుసు, రొయ్యల ఇగురు, కోడి పులుసు, పలావు, గోంగూర. తెల్లవారుజామున నాలుగింటికి లేచిందట. మా ఇళ్ళల్లో వడ్డించే మనిషి మీదికి వంగి, వద్దంటున్నా ఇంకో గరిటె వేస్తుంది. అతిథి లేచేదాకా తను కూర్చోదు. దానికి ఆ పద్ధతి నేర్పింది నేనే. ఆ గిన్నెల వంక చూసేసరికి నాకు డాక్టరు మాట గుర్తొచ్చింది. ఆలోచించే లోపే నోట్లోంచి అబద్ధం వచ్చేసింది.

"ఈ రోజు నేను ఉపవాసమమ్మా. సాయంత్రం దాకా ఏమీ ముట్టను."

సుగుణ చేతిలోని గరిటె పక్కన పెట్టింది. అన్నిటిమీదా మూతలు పెట్టింది. దాని భర్త ప్రకాశంగారు ఓడలకు ఇంధనం నింపే కంపెనీలో పనిచేస్తారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, స్నానం ముగించి, తువ్వాలు భుజాన వేసుకుని అప్పుడే బల్ల దగ్గరికి వచ్చారు. ఆయన మొహం చూసి, "మీరు తినండి, నా గురించి ఆగకండి" అన్నాను.

"పెద్దదానివి నువ్వు ఉపవాస ప్రార్థనలో ఉంటే మేం కూర్చుని పలావు తింటామా అక్కా? మేమూ నీతోపాటే," అంది సుగుణ.

"మేమూనా?" అన్నారు ప్రకాశంగారు.

"అవును. మీరూ."

వాళ్ళు దేవుడికి చేసే మొక్కుబడి అనుకున్నది నేను అడ్డుపెట్టుకున్న సాకు అని వాళ్ళకి తెలియదు. దేని గురించి ప్రార్థిస్తున్నావని సుగుణ అడిగింది. ఆరోగ్యం గురించి అన్నాను. అప్పటిదాకా ఆ ఇంట్లో నేను చెప్పిన నిజం అదొక్కటే. ముగ్గురం మోకరించాం. సుగుణ నా మోకాళ్ళకోసం, నా షుగరుకోసం, నా పేరు పెట్టి చాలాసేపు ప్రార్థించింది. నేను కళ్ళు మూసుకుని బల్ల వెనక గోడగడియారం టిక్కుటిక్కు వింటూ ఉండిపోయాను. పన్నెండున్నర నేను మరో గుడ్డు తినవలసిన వేళ. అది సంచిలోనే ఉంది.

ఇంట్లో కూర్చుంటే ఆకలి ఎక్కువవుతుందని ప్రకాశంగారే కారు తీశారు. రెండింటికి ఖోర్ ఫక్కాన్ బయల్దేరాం. సముద్రం పక్కనుంచే దారి, అరగంట కూడా పట్టలేదు. ఈ తూర్పు తీరానికి వచ్చేవాళ్ళు ఆ ఊరు తప్పక చూడండి. ఒకవైపు రేవులో క్రేన్లు, ఇంకోవైపు వంపు తిరిగిన ఒడ్డు, వెనకే కొండలు. చేపల మార్కెట్టు పొద్దున్నే అయిపోతుంది. మేం వెళ్ళేసరికి గచ్చు కడుగుతున్నారు. ఒడ్డున ఒక దుకాణం ముందు షవర్మా మాంసం కాల్చే కడ్డీ తిరుగుతోంది. ప్రకాశంగారు దాన్ని దాటేటప్పుడు నడక తగ్గించారు.

"వదినగారూ, మీ ఉపవాసం నాలుగింటికా, ఆరింటికా?"

"ఏమండీ, ఊరుకోండి," అంది సుగుణ.

"టైము అడగడం కూడా తప్పేనా? ఓడ ఎప్పుడొస్తుందో అడిగినట్టే అడిగాను."

నాలుగున్నరకి అన్నాను. నాకు కళ్ళు తిరుగుతున్నట్టుగా ఉంది. చేతులు కడుక్కుని వస్తానని ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళి సంచి తెరిచాను. గుడ్డు చేతిలోకి తీసుకున్నాను కూడా. బయట ఇద్దరు నా మాట నమ్మి పస్తున్నారు. గుడ్డు మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. అప్పుడైనా బయటికి వచ్చి నిజం చెప్పవలసింది. చెప్పలేదు.

ఇంటికి తిరిగొచ్చి నాలుగున్నరకి బల్ల దగ్గర కూర్చున్నాం. పొద్దున్నుంచి ఖాళీగా ఉన్న కడుపుకి మెత్తగా ఉంటుందని సుగుణ ఖుబూజ్ రొట్టె వేడిచేసి, కోడి పులుసులో ముంచుకు తినమని పెట్టింది. పెద్దదాన్ని నేను మొదటి ముద్ద తీసుకుంటేగాని వాళ్ళు ముట్టరు. ప్రకాశంగారి చేయి కంచం అంచున ఆగి ఉంది. వేలిగోరంత తుంచి పాతికసార్లు నమిలితే వాళ్ళకేం అర్థమవుతుందోనని, అందరిలాగే రొట్టెముక్క తుంచి మాంసం చుట్టి నోట్లో పెట్టుకున్నాను. నాలుగైదుసార్లు నమిలి మింగాను.

రొమ్ముఎముక వెనక రాయి పెట్టినట్టయింది. నోట్లో నీళ్ళు ఊరుతున్నాయి, మింగుడుపడటం లేదు. ప్రకాశంగారు గ్లాసుతో నీళ్ళు అందించారు. సుగుణ ఆ గ్లాసు ఆయన చేతిలోంచి లాక్కుంది.

"నీళ్ళొద్దు. అక్కా, మాట్లాడకు. లే, నాతో నడు."

అది ఆస్పత్రి గొంతు. ఎదురుచెప్పే వీలు లేనిది. నడవాలో ఆ చివరినుంచి ఈ చివరికి నడిపించింది. లాలాజలం ఉమ్మడానికి గిన్నె పట్టుకుంది, వీపు నిటారుగా ఉంచమంది, చిన్నచిన్నగా ఊపిరి తీసుకోమంది. వాంతి అయితే బ్యాండ్ పోతుందన్న భయంతో దాని భుజం గట్టిగా పట్టుకున్నాను. పదిహేను నిమిషాలో, ఇరవయ్యో. ఆ ఒక్కసారి నేను గడియారం చూడలేదు. ఏదో ఒక క్షణాన ఆ రాయి జారి కిందికి దిగింది. గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"ఎప్పుడు వేయించుకున్నావు బ్యాండ్?" అంది సుగుణ, గిన్నె కడుగుతూ.

"నీకెలా తెలుసు?"

"నేను సర్జికల్ వార్డులో పనిచేస్తాను. తిన్న వెంటనే రొమ్ముమీద చెయ్యి పెట్టుకుని ఉమ్మి మింగలేని వాళ్ళని నెలకొకరినైనా చూస్తాను. పొద్దున నువ్వు చిక్కిన తీరు చూసే అనుమానం వచ్చింది. ఉపవాసం అన్నావు కాబట్టి వదిలేశాను." కుళాయి కట్టేసింది. "అంటే ఉపవాసం కూడా లేదన్నమాట."

గుమ్మంలో ప్రకాశంగారు. "మరి పొద్దున్నుంచి నేను దేనికి పస్తున్నట్టు వదినగారూ?"

"ఏమనుకోకండి. వెళ్ళి తినండి," అన్నాను. ఆయన రెండోసారి చెప్పించుకోలేదు.

సుగుణతో అన్నీ చెప్పాను. నాలుగు నెలలు, పదమూడు కిలోలు, రెండు వాంతులు. అన్నీ విని, "ఊళ్ళో అందరి దగ్గరా దాచు, సరే. వార్డులో ఇదే పని చేసే నా దగ్గరెందుకు దాచావు?" అంది.

"నీ కంచం తీసేసినదాన్ని కదా. నాకే అదుపు లేదని నీతో ఎలా చెప్పను?"

అది గిన్నె తుడిచి పక్కన పెట్టింది. తర్వాత మెల్లిగా అంది. "ఇప్పటికీ ఎవరైనా చూస్తుంటే నేను మూడో ఇడ్లీ తినలేనక్కా. వంటింట్లో నిలబడి తింటాను. యాభై ఏళ్ళు నాకు."

వడ్డించేవాళ్ళు కూర్చోరన్న పద్ధతి వెనక దానికి మరో సౌకర్యం ఉందని నాకు అప్పుడే తెలిసింది. "నేను చేసింది క్రమశిక్షణ కాదు సుగుణా. తప్పు చేశాను," అన్నాను. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల లెక్కలు దిద్దాను గాని, ఆ మాట ఎవరితోనూ అన్నట్టు గుర్తులేదు.

"దానికి నేనిప్పుడేం చెయ్యాలి? ఉపవాస ప్రార్థన పెట్టనా?" అంటూ కళ్ళు తుడుచుకుంది. మర్నాటి దాకా పల్చటి ద్రవాలు తప్ప ఏమీ వద్దని, శనివారం డాక్టరుకి ఫోన్ చేసి జరిగింది చెప్పమని ఆజ్ఞాపించింది. చేప పులుసు తేట వడకట్టి చిన్న కప్పులో ఇచ్చింది. నేను గుక్క గుక్కకీ ఆగుతూ తాగుతుంటే, కంచంలో పలావు పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. నేను దాని కంచంలోకి చూడలేదు. అది రెండోసారి వడ్డించుకుంది.

తిరుగుప్రయాణానికి ఫుజైరాలో షేర్ టాక్సీలు సాయంత్రం ఆరు తర్వాత తగ్గిపోతాయి కాబట్టి అయిదున్నరకే బయల్దేరాను. ఛార్జీ అదే పాతిక. శనివారం డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి చూశారు. బ్యాండ్ ఉన్నచోటే ఉంది.

ఈ ఆపరేషన్ తర్వాత మంచి తిండి అంటే ఏమిటో ఆస్పత్రిలో కాగితం ఇస్తారు. చేప, గుడ్డు, పప్పు, కూరలు, ఎంత, ఎలా. అందులో ఉన్నదంతా నిజమే, నేను అక్షరం తప్పకుండా పాటించాను. కానీ మనం ఒంటరిగా తినం. మనతో బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళ ఆకలి, మర్యాద, పాత మాటలు అన్నీ ఆ ముద్దతోపాటే గొంతులోకి వస్తాయి. నా కడుపులో ఆ రోజు ఇరుక్కున్నది రొట్టెముక్కే అయినా, దాన్ని తొందరగా మింగించింది నా సిగ్గు. కడుపుకి బ్యాండ్ వేయించుకోవడం అదుపు లేనితనమని ఇప్పుడు అనుకోవడం లేదు. అలా అనుకుని ఒక చిన్నపిల్లని వంటింట్లో నిలబడి తినేలా చేశానని మాత్రం తెలుసుకున్నాను.

మీరు ఇలాంటి ఆపరేషన్ తర్వాత ఎవరింటికైనా ప్రయాణం పెట్టుకుంటే ఒకటి చెయ్యండి. ముందురోజే ఆ ఇంటివాళ్ళకి ఫోన్ చేసి, విషయం దాచకుండా చెప్పి, ఒక చిన్న చేపముక్క, రెండు చెంచాల కూర, అరగంట సమయం అడగండి. చివరగా, నా కోసం ఆగవద్దని, అందరూ కూర్చుని తినమని చెప్పండి.