ఏ తీపు?

అన్న తలలో కణితి ఉందని తెలిశాక ఇంట్లో అందరికంటే ముందు నాకే పిచ్చి పట్టింది. ఆపరేషన్ చేసి తీశారు, అది మళ్ళీ పెరిగింది. అప్పటినుంచి ఫోన్‌లో కనిపించిందల్లా చదవడమే నా పని. వాకాడులో మా ఇంటి ముందుగదిలో మంచం వేసి అన్నను పడుకోబెట్టాం. కుడివైపు పడిపోయింది. మాటలు ఒక్కొక్కటే జారిపోయాయి. ఊరంతటినీ పేరుపెట్టి పలకరించే మనిషికి చివరికి ఒక్క మాటే మిగిలింది: తీపు.

ఆ రోజుల్లోనే మిథైల్‌గ్లైఆక్సాల్ అనే నోరు తిరగని పేరు తగిలింది. ఒంట్లో చక్కెర ఖర్చయ్యేటప్పుడు పుడుతుందట. ఊరికే ఉండదట, దగ్గరున్నదాన్నల్లా పట్టుకుని పాడు చేస్తుందట. దానికీ మెదడు కణుతులకూ సంబంధం ఉందేమోనని పరిశోధిస్తున్నారట. అన్నం కలుపుతున్న వదినకు చదివి వినిపించాను. "ఏమో" అన్నది ఆమె చెవిన పడలేదు, "చక్కెర" అన్నది పడింది. సాయంత్రానికల్లా పంచదార, బెల్లం, అరటిపళ్ళు పక్కింటికి వెళ్ళిపోయాయి. వడ్లు పండించే ఇంట్లో అన్నకు అన్నం కూడా సగానికి తగ్గిపోయింది.

మందుల కోసం వదినా నేనూ వెళ్ళినప్పుడు డాక్టరు గారిని అడిగాను.

"అది కణం లోపల జరిగే సంగతమ్మా. తీపి మానేస్తే కణితి ఆగుతుందని ఎవరూ చెప్పలేరు. ఆయన్ని కడుపు మాడ్చకండి" అన్నారాయన.

బస్సెక్కాక వదిన నామీద విరుచుకుపడింది. "ఆయనకేం పాపా, చెప్తాడు. నేనేదో ఒకటి చెయ్యొద్దా? చేతులు కట్టుకోని చూస్తా కూసోమంటావా?"

చేతులు కట్టుకుని కూర్చోవడం నాకూ చేతకాదు.

అన్న మాత్రం అడుగుతూనే ఉన్నాడు. "తీపు... తీపు..."

"వొద్దు సామీ, నీకు దండం పెడతా. తీపు తింటే అది పెరగతాది" అని వదిన పెరట్లోకి వెళ్ళి ఏడ్చేది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మేమింత తిప్పలు పడుతుంటే ఈ మనిషికి ఆ నాలుక చాపల్యమేమిటని.

ఒక మధ్యాహ్నం శ్రీహరికోటలో రాకెట్ లేచింది. కిటికీ రెక్కలు గడగడలాడాయి. మాకది మామూలే. నిద్రలో ఉన్న అన్న ఉలిక్కిపడ్డాడు, పడిపోయిన కాలు కొయ్యలా బిగుసుకుంది. ఎడమచేత్తో ఆ పిక్క పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా "తీపు, తీపు" అని అరిచాడు.

మా వైపు బెల్లమూ తీపే, ఒళ్ళు పీకే నొప్పీ తీపే. నాట్ల రోజుల్లో పొలం నుంచి వచ్చి, అరుగు మీద కాళ్ళు చాపి అన్న అనే మాటే అది. వదిన నువ్వులనూనె వెచ్చజేసి రాసేది. ఇద్దరం ఎలా మరిచిపోయామో! ఫోన్‌లో చదివిన చక్కెర తప్ప మా బుర్రల్లో ఇంకేమీ లేదు.

"నొప్పి నొప్పి అని మొత్తుకుంటా ఉంటే వొద్దు వొద్దు అంటినే పాపా" అని వదిన తల బాదుకుంది. నూనె తెచ్చి, మంచం కాడ కూలబడి పిక్క రుద్దసాగింది. ఒకవేళ బెల్లమూ అడిగాడేమోనని నేను పక్కింటికి పరుగెత్తి ఒక ముక్క తెచ్చి అన్న నోట్లో పెట్టాను.

అన్న కళ్ళు మూసుకుని "తీపు" అన్నాడు.

వదిన చేతులు ఆగిపోయాయి. "ఏ తీపు సామీ? కాలా, నోరా?"

అన్న మళ్ళీ ఆ మాటే అన్నాడు.