జైనూర్ చలిని కాగితం మీదికి దించబోయి

మా తమ్ముడు శ్రీను దుబాయి నుంచి నెల సెలవు మీద వచ్చిండు. ఆదివారం మళ్ల ఫ్లైటు. అక్కడి రూముల, మంచం పక్కన గోడకు పెట్టుకునేటందుకు చలికాలం బొమ్మ కావాల్నన్నడు. నేను కరీంనగర్‌ల డ్రాయింగ్ సారును గదా, గంటల ఏసిచ్చిన: తెల్లటి కొండలు, సూదుల్లాంటి చెట్లు, పొగగొట్టం ఉన్న ఇల్లు.

"అన్నా, గీ ఊరికి పోవాల్నంటే ఇంకో వీసా కావాలె. మన చలి ఎయ్యే," అన్నడు.

ఇజ్జత్ పోయింది. పొగమంచు చూడాల్నంటే ఆసిఫాబాద్ అవతల కొండలల్ల ఉన్న జైనూరేనని శుక్రవారం పొద్దుగాల ఆరింటికి బస్సెక్కినం.

పెద్దపల్లి దాటంగనే ఎండ కొట్టింది. మంచిర్యాలల ఇడ్లి తిని ఆసిఫాబాద్ బస్సు పట్టుకున్నం. బెల్లంపల్లి కాడ ఎక్కిన ముసలవ్వ నా ఒళ్లె ఉన్న తెల్ల కొండల బొమ్మను చూసి, "సర్ఫు నురుగు మంచిగేసినవ్ బిడ్డా," అన్నది. శ్రీను నవ్వాపుకోలేక కిటికీ దిక్కు తిరిగిండు.

ఆసిఫాబాద్‌ల ఇంకో బస్సు మారి జైనూర్ చేరేసరికి మాపటేళైంది. లాడ్జి కోసం తిరగలే. దుబాయిల శ్రీనుతోని పనిజేసిన దోస్తు ఇంట్ల జొన్నరొట్టె, వంకాయ కూర తిని పండుకున్నం. మీరు పోతే రగ్గు తీస్కపోండ్రి, మేం మతిలేక తీస్కపోలే.

తెల్లారి ఊరి బయట కూసున్నం. కొండ లేదు, చెట్టు లేదు, అంత తెల్లగ. నీళ్ల రంగులల్ల తెలుపు పూసుడుండది, కాగితాన్నే తెల్లగ ఇడిచిపెట్టాలె. తడి కాగితం మీద పల్చటి నీలం బూడిద రంగు ఇడిచిన. అంచులు కరిగి పొగమంచైంది. శెభాష్ అని నన్ను నేనే మెచ్చుకున్న.

"సగం ఖాళీ పెట్టినవేందే? ఓ బర్రెనన్న ఎయ్యి," అన్నడు శ్రీను.

"నోర్మూస్కో. గా ఖాళీయే చలి."

కానీ గా మంచుల రంగు ఆరితే గదా! తొమ్మిదింటికి బస్సు. ఆగమాగమై, దోస్తు ఇంటి ముంగట చలిమంట మీద పట్టిన. నా తెలివి తెల్లారినట్టే ఉంది: కాగితం అంచు కమిలింది, నడుమ మసి పట్టింది. చింపబోతే శ్రీను గుంజుకున్నడు.

"ఉండనియ్యే. పొగ వాసనొస్తుంది. గిదే మన చలి."

తిరుగు బస్సుల బొమ్మను ముక్కు కాడ పెట్టుకొని కూసున్నడు.

"ఎట్లున్నదిరా చలి?" అన్న గొప్పగ.

"మంచిగున్నది," అని ఏడ్సిండు. ముప్పై ఏండ్ల మనిషి, బస్సు నిండ జనం. నా బొమ్మను చూసి ఇప్పటిదాక ఎవ్వరూ ఏడ్వలే. గా సంబురం నాకు నిమిషం గూడ నిలువలే.

"పోకురా," అన్న.

"పోకుంటే గీ బొమ్మతోని నాకేం పనే అన్నా?" అన్నడు ముక్కు తుడ్సుకుంట.