జంగయ్య నైలాన్ బ్రష్షు

పటాన్‌చెరులో బొంబాయి రోడ్డు పక్కన జంగయ్య సెలూన్‌లో కుర్చీ ఒకటే ఉండేది. కుర్చీకి ఎదురుగా అద్దం, అద్దం కింద చెక్కబల్ల, బల్ల మీద కత్తి, పటిక ముక్క, సబ్బు గిన్నె, బ్రష్షు. వీటన్నిటిలో జంగయ్యకు ప్రాణం బ్రష్షు మీదే. వాళ్ల నాన్న కత్తుల పొది చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి, అరుగుల మీద కూర్చోబెట్టి, చేత్తోనే నీళ్లద్ది గడ్డాలు నానబెట్టినవాడు. ఫ్యాక్టరీలు వచ్చి జనం పెరిగాక జంగయ్య రోడ్డు మీద రేకుల షెడ్డు కిరాయికి తీసుకున్నాడు. "మా నాయిన సెయ్యి పెడుతుండె, నేను బ్రష్షు పెడుత," అని కొత్తగా వచ్చినవాడికల్లా చెప్పేవాడు. ఆయన లెక్కలో తండ్రికీ తనకూ మధ్య ఉన్న దూరం ఆ బ్రష్షంత.

నాది భీమవరం వైపు. హైదరాబాద్ దగ్గర రామచంద్రపురంలోని పెద్ద కర్మాగారంలో టర్నరు ఉద్యోగం దొరికి, డెబ్బయ్యో దశకం మొదట్లో పటాన్‌చెరులో గది తీసుకున్నాను. గది సరిగ్గా సెలూన్ వెనకే. అందుకని ఈ కథలో నేను విన్నది తక్కువ, కళ్లారా చూసిందే ఎక్కువ.

సెలూన్‌కు ఎదురుగా, రోడ్డుకు అవతల, లాల్‌మియా కిరాయి సైకిళ్ల దుకాణం. జంగయ్యా లాల్‌మియా ఒక ఈడువాళ్లు, ఒకే వీధిలో పెరిగినవాళ్లు. శుక్రవారం పొద్దున జంగయ్య తాళం తియ్యగానే మొదటి గడ్డం లాల్‌మియాది. ఇంకొకడు ముందు వచ్చి కూర్చున్నా లేపేవాడు. జంగయ్య సైకిలుకు గాలి కొట్టడం లాల్‌మియా బాధ్యత. రంజాన్ పండుగనాడు జంగయ్య ఇంట్లో పొయ్యి వెలిగించేవారు కాదు, కుటుంబమంతా లాల్‌మియా ఇంటికే. అంతటి స్నేహం ఇంగ్లీషు చదవడం వచ్చినవాడు ఒకడు రావడంతో గాలిలో దీపమైంది.

ఆ చదువుకున్నవాడు కామేశ్వరరావు. మా కర్మాగారంలోనే స్టోర్సు గుమాస్తా, కాకినాడ మనిషి, మడీ ఆచారం ఉన్నవాడు. చెడ్డవాడు కాదు. కానీ చిన్న అక్షరాలు ఎక్కడ కనబడినా చదవనిదే ఉండలేడు. బస్సు టికెట్టు వెనకవైపు, అగ్గిపెట్టె పక్కన, మందు సీసా అడుగున, ఏదీ వదలడు. చదివి ఊరుకుంటే లోకానికి బాధ లేదు. పైకి చదివి, అర్థం కూడా చెబుతాడు.

రంజాన్ నెల ఇంకా మొదలు కాలేదు. ఆ శుక్రవారం లాల్‌మియా కుర్చీలో ఉన్నాడు. ముఖం నిండా నురగ. జంగయ్య బ్రష్షు బల్ల మీద పెట్టి తోలుపట్టీ మీద కత్తి నూరుతున్నాడు. బెంచీ మీద వంతు కోసం కూర్చున్న కామేశ్వరరావు ఆ బ్రష్షు అందుకుని, కళ్లజోడు పైకి తోసి, పిడి చుట్టూ ఉన్న అక్షరాలు చదివాడు.

"అచ్చమైన పంది వెంట్రుకలు అని రాశారండోయ్," అన్నాడు. "మంచి సరుకే వాడుతున్నావయ్యా జంగయ్యా."

మెచ్చుకోలే అది. అదే నాకు ఇప్పటికీ ఒళ్లు మండే విషయం.

సెలూన్‌లో కత్తి చప్పుడు ఆగిపోయింది. లాల్‌మియా మెడ చుట్టూ ఉన్న తువాలు తనే విప్పి, ముఖం తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

"జంగయ్యా, నీకు ఎరుకనా?"

"నీ మీద ఒట్టు, ఎరుక లేదు లాల్‌భాయ్. నేను ఇంగ్లీషు సదివిన్నా?"

లాల్‌మియా తలూపి, రోడ్డు దాటి, తన దుకాణం ముందు పంక్చర్లు చూసే నీళ్ల తొట్టి దగ్గర కూర్చుని ముఖం కడుక్కున్నాడు. కడిగినకొద్దీ కడుగుతూనే ఉన్నాడు.

"ఉన్నమాటేగా చదివాను," అని కామేశ్వరరావు నావైపు తిరిగాడు. అప్పుడు తట్టిందాయనకు. అదే బ్రష్షు ఏడాదిగా తన ముఖం మీదా తిరుగుతోంది. చెప్పులు తొడుక్కుని, ఎవరినీ తాకకుండా పక్కకు ఒదిగి ఒదిగి ఇంటికి వెళ్లి తలంటు పోసుకున్నాడు.

కాసేపటికి జంగయ్య అత్త మీద కోపం దుత్త మీద చూపించాడు. బ్రష్షు తీసుకెళ్లి పక్కనున్న బాలప్ప చాయ్ హోటల్ పొయ్యిలో పడేశాడు. వెంట్రుకలు కాలిన కంపుకు చాయ్ తాగేవాళ్లంతా గ్లాసులు వదిలేసి రోడ్డెక్కారు. బాలప్ప ముక్కు మూసుకుని, "నా గిరాకీ ఏం జేసిందిరా నీకు?" అని గొడవ పెట్టుకున్నాడు. అంతలో తడితల మీద తువాలు చుట్టుకుని కామేశ్వరరావు వచ్చి, ఊరుకోలేక ఇంకో ముక్క చెప్పాడు.

"వెంట్రుక కాలితే ఇంతేనండీ. అదే నైలాన్ అనుకోండి, ఈ కంపు రాదు, చుక్కలా కరిగి గట్టిపడుతుంది. మా ఆవిడ నైలాన్ చీర మీద నిప్పురవ్వ పడితే చూశానుగా. ఇప్పుడు బ్రష్షులు కూడా నైలాన్‌వి వస్తున్నాయి."

ఆదివారం జంగయ్య నన్ను వెంటపెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాడు. దారంతా ఒకటే మాట. "పండుగనాడు ఆ ఇంటికి ఏ మొహం పెట్టుకొని పోవాలె సారూ? సేమ్యాల షీర్ ఖుర్మా పోతె పోయె. మనిషి పోతడు." అన్నాక మళ్లీ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఆయన కళ్లు తడవడం నేను మొదటిసారి చూసింది ఆ బస్సులోనే.

బేగంబజారులో సామాన్ల దుకాణంవాడు నైలాన్ బ్రష్షులు బల్లంతా పరిచాడు. జంగయ్య సంతలో ఎడ్లను చూసినట్టు చూశాడు. ఒక్కొక్కదాని కుచ్చు పట్టి లాగాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, చెంపకు రుద్దుకున్నాడు. మెత్తగా ఉన్నవాటి మీద అనుమానం. "గింత మెత్తగుందంటె ఏదో జానవర్ బొచ్చే," అని పక్కన పెట్టాడు. గరుగ్గా ఉన్నవాటితో చెంప ఎర్రబడింది. దుకాణంవాడు విసుగు దాచుకుని తన దగ్గరున్న మేలైనది తీశాడు. అదీ నైలానే. కానీ అసలు జంతువు బొచ్చులా కనబడాలని నలుపూ తెలుపూ చారలతో రంగు వేశారు. చూస్తే ఎవరికైనా ముచ్చట వేస్తుంది.

"గిది వద్దు," అన్నాడు జంగయ్య. "అసలు దాన్లెక్క కొడుతుంది."

"అందుకే కదా దీనికి గిరాకీ," అన్నాడు దుకాణంవాడు.

"నాకు అబద్ధందే గావాలె సేటూ. రోడ్డు అవతల కూసున్నోనికి గూడ అబద్ధమని కనబడాలె."

చివరికి దుమ్ముపట్టిన అట్టపెట్టెలోంచి ఒకటి దొరికింది. ఆకుపచ్చ కుచ్చు, ఎర్ర పిడి. ఈ భూమి మీద ఏ జంతువుకూ అలాంటి వెంట్రుకలు లేవని పసిపిల్లలు కూడా చెప్పగలరు. జంగయ్య దాన్ని రెండు చేతులా అందుకున్నాడు.

రంగు చూస్తే చాలదా అని మీకనిపించవచ్చు. మా పటాన్‌చెరు సంగతి మీకు తెలియదు. మొదటిరోజే కంది అనే ఊరి నుంచి వచ్చిన మల్లయ్య కుర్చీ ఎక్కకుండా నిలబడ్డాడు. "రంగు ఎవలన్న ఏస్తరు. దసరాకు మేం మేకపోతుకు పసుపు పుయ్యమా? రుజువేంది?" అన్నాడు. మల్లయ్యకు పందితో ఏ పేచీ లేదు. అయినా రుజువు ఇస్తామంటే వద్దనేవాడెవడు. జంగయ్య చిన్న పటకారుతో ఒక ఆకుపచ్చ పోగు పీకి, అగ్గిపుల్ల గీసి అంటించాడు. పోగు ముడుచుకుని, చుక్కలా కరిగింది. మల్లయ్య వంగి వాసన చూసి, "గా కంపు లేదు," అని తీర్పు చెప్పి కూర్చున్నాడు.

అంతే, అది ఆనవాయితీ అయిపోయింది. వచ్చిన ప్రతివాడికీ రుజువు కావాలి. నిన్న చూసినవాడు ఈ రోజు మళ్లీ అడుగుతాడు. పొద్దున గడ్డం గీయించుకున్నవాడు మధ్యాహ్నం బావమరిదిని తీసుకొచ్చి చూపిస్తాడు. బాలప్ప హోటల్‌లో చాయ్ తాగేవాళ్లు గ్లాసులతో వచ్చి నిలబడేవారు, కాబట్టి బాలప్ప కోపం చల్లారింది. జంగయ్య మాత్రం పోగు కాల్చడానికి ప్రతిసారీ గుమ్మంలోకి, రోడ్డువైపు వచ్చేవాడు. అగ్గిపుల్ల ఎత్తి పట్టుకుని, ఓరగా ఎదుటి దుకాణం చూసేవాడు. లాల్‌మియా సైకిల్ చక్రాల పుల్లలు బిగిస్తూనో, పంక్చరు వేస్తూనో ఉండేవాడు. ఇటు రాలేదు.

"కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే జంగయ్యా," అన్నాను నేను ఓ రోజు. "రుజువులిచ్చి ఇచ్చి బ్రష్షుకు గుండు చేస్తున్నావు."

"ఊరంత నమ్మితె ఆయన గూడ నమ్ముతడు సారూ," అన్నాడు.

ఈలోగా రంజాన్ నెల వచ్చింది. లాల్‌మియా గడ్డం పెరిగింది. అసలు సంగతి తెలియనివాళ్లు ఆయన భక్తిలో పడ్డాడనుకున్నారు. మసీదులో ముందు వరసలో చోటిచ్చారు. ఎవరో అన్నదమ్ములు తమ పొలం గట్టు తగవు ఆయన దగ్గరికి తెచ్చారు. సైకిల్ కిరాయికి తీసుకుని చీకటిపడేదాకా తిప్పేవాళ్లు కూడా చెప్పిన వేళకు తెచ్చి, సలాం చేసి మరీ ఒప్పగించేవారు. పాపం ఆయనకు ఆ గౌరవంతో పాటు దురద కూడా వచ్చింది. స్పానరుతో గడ్డం గోక్కుంటూ తగవులు తీర్చేవాడు. అది చూస్తే జంగయ్యకు నవ్వు రాలేదు. "ఇగ ఆ గడ్డం తియ్యడు," అని అన్నం సరిగా తినడం మానేశాడు.

జంగయ్య భార్య శివమ్మకు ఓపిక చచ్చింది. నెలవంక ఆ సాయంత్రమే కనబడుతుందని అందరూ అనుకుంటున్న రోజు మధ్యాహ్నం సెలూన్‌కే వచ్చింది. "రేపు నేను పొయ్యి అంటిపియ్యాల్నా వద్దా, జల్దీ చెప్పు," అని గుమ్మంలో నిలబడింది. జంగయ్య బ్రష్షు, అగ్గిపెట్టె తీసుకుని లారీలు కూడా చూసుకోకుండా రోడ్డు దాటాడు. వెనకే నేనూ వెళ్లాను.

"లాల్‌భాయ్, ఇగ గివ్వే మిగిలినయి," అన్నాడు జంగయ్య బ్రష్షు చాచి. "ఒక్కటి నీ ముందట కాలుస్త, సూడు. తర్వాత నీ ఇష్టం."

లాల్‌మియా బ్రష్షు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. నడినెత్తి మొత్తం బోడి. అంచున మాత్రం కొన్ని ఆకుపచ్చ పోగులు. ఆయన గడ్డం వణకడం మొదలుపెట్టింది. కోపమనుకున్నాను, కాదు, నవ్వు.

"గిది బ్రష్షా, మా పెద్దమామ నెత్తా? నేను నిన్ను రుజువు అడిగిన్నా జంగయ్యా?"

"అడగలే."

"ఆ దినం ఎరుక లేదన్నవ్. ఆ మాట సాలదా నాకు?"

"మరెందుకు రాలే?"

"నడుమల కుర్చీలకెల్లి లేచిపోయినోన్ని. పిలువంది ఎట్ల వస్త? రోజు సూస్తనే ఉన్న. ఊరోళ్లందర్నీ పిలిచి అగ్గిపుల్ల గీసినవ్. నన్నొక్కన్ని పిలువలే."

జంగయ్య అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నాడు. "తప్పయింది. రేపు పండుగ. రా," అన్నాడు.

లాల్‌మియా కుర్చీలో కూర్చుంటే అప్పటిదాకా సలాములు చేసినవాళ్లు బయట గుంపుగా నిలబడి విచారంగా చూశారు. తగవు సగంలో ఉన్న అన్నదమ్ములైతే, "తీర్పు చెప్పి గీయించుకో," అన్నారు. జంగయ్య ముందు కత్తెరతో గడ్డం కత్తిరించి, సబ్బు గిన్నెలో బ్రష్షు తిప్పాడు. నురగ రాలేదు. మళ్లీ తిప్పాడు. బోడి నెత్తి గిన్నెకు కొట్టుకోవడమే గానీ ఏమీ కాలేదు. చెంప మీద రాస్తే ఒక పోగు ఊడి లాల్‌మియా పెదవికి అంటుకుంది.

లాల్‌మియా ఆ పోగు తీసి బల్ల మీద పెట్టాడు. "నా మొదటి గడ్డం మీ నాయిన చేసిండు," అన్నాడు. "బ్రష్షు తోటి చేసిండా?"

జంగయ్య బ్రష్షు పక్కన పెట్టి, గిన్నెలో చెయ్యి ముంచి, సబ్బు అరచేతుల్లో రుద్ది, స్నేహితుడి చెంపలు రెండు చేతులా నెమ్మదిగా పిసికాడు. నురగ ఊరంత వచ్చింది.

"ఇగ దీనికి రుజువు అడుగకుండ్రి," అన్నాడు లాల్‌మియా కళ్లు మూసుకుని. "ఈ చెయ్యి ఏ జానవర్‌దో నాకు చిన్నప్పటి సంది ఎరుకే."

జంగయ్య నవ్వాడు. ఆ నెలలో ఆయన నవ్వగా చూసింది అదే మొదలు. ఆ బ్రష్షు తరువాత లాల్‌మియా దుకాణంలో చెయిన్లకు నూనె పూయడానికి పోయింది. శివమ్మ మర్నాడు పొయ్యి వెలిగించలేదు. షీర్ ఖుర్మాకు నన్నూ పిలిచారు.

కానీ ఆ మధ్యాహ్నం ఇంకొక సంగతి జరిగింది. బెంచీ మీద కూర్చున్న కామేశ్వరరావు సబ్బు చుట్టి వచ్చిన కాగితం నేల మీంచి తీసి, వెలుతురుకు పట్టి, "అవునండీ, అసలు ఈ సబ్బుల్లో ఏ కొవ్వు..." అని మొదలుపెట్టాడు.

"జంగయ్యా," అన్నాడు లాల్‌మియా, కళ్లు తెరవకుండానే, "ముందుగాల సారు చష్మా తీస్కో."

జంగయ్య నురగ చేత్తోనే కళ్లజోడు లాగి పటిక ముక్క పక్కన పెట్టాడు. అప్పటినుంచి ఆ సెలూన్‌లో కామేశ్వరరావు గుమ్మంలోనే కళ్లజోడు తీసి ఇచ్చి లోపలికి వచ్చేవాడు. ఒక్కనాడూ అడ్డు చెప్పలేదు. మళ్లీ తలంటు పోసుకునే ఓపిక ఆయనకూ లేదనుకుంటాను.