నాయన రైలు, నా గ్రాఫిక్స్ కార్డు

ఆ రోజుల్లో కంప్యూటర్ల గురించి నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. ఆ నమ్మకం తర్వాత ఎటు పోయిందో గానీ, ఉన్నన్నాళ్లూ మహా హాయిగా ఉండేది. అప్పుడే ఉద్యోగంలో చేరాను. పని ఇంట్లోంచే. తొండియార్‌పేట ఇంట్లో హాలు పక్క గదిలో నా కంప్యూటరు, అందులో విండోస్‌కి బదులు లినక్స్. (మా అమ్మ దృష్టిలో లినక్స్ అనేది సంబంధం చూడటానికి వచ్చినవాళ్ల ముందు ఎత్తకూడని అలవాటు.) విండోస్ వాడేవాళ్లను చూస్తే నాకు జాలి. అంత జాలిగల మనిషిని నా చేతులతో నేనే విండోస్ ఎక్కించుకోవడానికి సిద్ధపడ్డానంటే, దానికి కారణం మా నాయన.

వాషర్‌మెన్‌పేట్‌లో మాకు లేసులు, చీర అంచులు అమ్మే హోల్‌సేల్ అంగడి ఉంది. నాయనకి గుండె ఆపరేషన్ అయ్యాక డాక్టరు కొన్నాళ్లు అంగడి మెట్లు ఎక్కొద్దన్నాడు. అన్న అంగడి చూసుకోసాగాడు, నాయన హాల్లో కూర్చుని గోడ చూసుకోసాగాడు. పొద్దున పూట 'ఇప్పుడు షట్టర్ ఎత్తుంటాడు' అనీ, కాసేపటికి 'టీ వచ్చుంటుంది' అనీ తనలో తనే గొణుక్కునేవాడు. ఇడ్లీ సగం వదిలేసేవాడు. పలకరిస్తే నవ్వేవాడు గానీ, మేం బాధపడతామని నవ్వే నవ్వు అది. ఆపరేషన్ నాడు కూడా నాకంత భయం వేయలేదు. మనిషి మా కళ్ల ముందే కొంచెం కొంచెంగా తగ్గిపోతున్నట్టుండేది.

అలాంటప్పుడు పరామర్శకి వచ్చిన పిన్ని కొడుకు, పెద్దల మాటలకి విసుగుపుట్టి, తన ల్యాప్‌టాప్‌లో రైలు నడిపే ఆట తెరిచాడు. నాయన మెల్లగా కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. కాసేపటికి వాణ్ణి పక్కకి జరగమన్నాడు. ఇంజను కూత వినగానే ఎన్నాళ్లకో గట్టిగా నవ్వాడు. చిన్నప్పుడు రైలింజను డ్రైవరు కావాలని ఆయనకి ఎంతో ఆశట. తాత చెవి పట్టుకుని తెచ్చి అంగట్లో కూర్చోబెట్టాడట. ఈ సంగతి మాకెవరికీ తెలియదు. (అమ్మకి కూడా. 'ఇన్నేళ్లూ నాతో ఒక్క మాట చెప్పలేదు' అని ఆమె ఒకపూట మాట్లాడటం మానేసింది.) పిన్ని కొడుకుతో పాటు ల్యాప్‌టాప్ వెళ్లిపోయింది, నవ్వూ వెళ్లిపోయింది. నేను ఊరుకోలేక, వచ్చే ఆదివారానికల్లా నీ రైలు నీ ముందు పెడతా నాయనా అని మాటిచ్చేశాను.

ఆ ఆటకి విండోస్ కావాలి, మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. కార్డు నా దగ్గర ఉంది. కానీ పగలంతా కంప్యూటరు మీద నా ఆఫీసు పని. ఎక్కడైనా ఒక పాత కంప్యూటరు కొనుక్కొస్తే సరిపోతుంది గదా అన్నాడు అన్న. సరిపోయేదే. కానీ అందులో నా గొప్పేముంది? లినక్స్ లోపలే ఒక ఉత్తుత్తి కంప్యూటరు సృష్టించి, అందులో విండోస్ పెట్టి, అసలు కంప్యూటరు చేతిలోంచి గ్రాఫిక్స్ కార్డు తీసి లోపలిదానికి అప్పజెబుతానన్నాను. అప్పుడు గదిలో నా తెర మీద, మదర్‌బోర్డులోని మామూలు చిప్పుతో, నా పని, హాల్లో టీవీ మీద నాయన రైలు, రెండూ ఒక్క పెట్టెలోంచే. అన్న చేతులెత్తి దండం పెట్టి అంగడికి వెళ్లిపోయాడు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, కంప్యూటరులో భాగాలు కొన్ని కలిసి ఒక గుంపుగా ఉంటాయి. ఒకదాన్ని లోపలికి పంపాలంటే గుంపు మొత్తాన్నీ పంపాలి. నా బోర్డు చవకది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న గుంపులో ఇంకా ఏవేవో ఇరుక్కుని ఉన్నాయి. తల పట్టుకుని కూర్చుంటే నాయన ఏమిటని అడిగాడు. చెప్పాను. ఆపరేషన్ తర్వాత మొదటిసారి ఆయన కళ్లలో వ్యాపారి కనిపించాడు.

"కట్ట విప్పి ఇయ్యకూడదు పాపా. ఒక్కదాని కోసం విప్పితే మిగిలిందంతా చిల్లరైపోతాది. ఇచ్చేదుంటే కట్టగానే ఇచ్చెయ్యి."

మా అంగట్లో లేసు కట్టలకి అది తాత పెట్టిన చట్టం. ఆ చట్టం వింటూ పెరిగినదాన్ని, గుంపులో ఏమేం ఉన్నాయో పూర్తిగా చదవను కూడా చదవకుండా కట్ట కట్టగా ఇచ్చేశాను. లినక్స్ కూర్చుని ఉన్న డిస్కు కూడా ఆ కట్టలోనే ఉందని తర్వాత తెలిసింది. తన కాళ్ల కింది నేలని తనే ఎత్తి దానం చేసి, పాపం అది నిలువునా బిగుసుకుపోయింది. ఇదంతా అదే కంప్యూటరు మీద ఆఫీసు వీడియో మీటింగు నడుస్తుండగా చేశాను. (ఎందుకలా చేశావని అడక్కండి, వయసు.) నోరు తెరుచుకుని ఉన్న నా ముఖం మీటింగు అయ్యేదాకా అందరికీ అలాగే కనిపించిందట.

మేనేజరుతో చీవాట్లు తిని హాల్లోకి వచ్చి కూలబడ్డాను. ఆదివారం దగ్గర పడింది. రైలు లేదని నాయనకి ఎలా చెప్పాలా అని నేలకేసి చూస్తున్నాను. నా ముఖం చూసి ఆయనే టీవీ కట్టేశాడు.

"మీ తాత కట్ట విప్పొద్దన్నాడు, వాస్తవమే. ఆయన భోజనానికి పొయ్యినాక నేను విప్పేవాణ్ణి."

నేను నోరు తెరిచి చూశాను, ఈసారి నిజంగానే.

"ఇంటికాడ మిషను కుట్టుకునే ఆడోళ్లు వచ్చేవాళ్లు పాపా. ఒక్క జాకెట్టుకి లేసు అడిగితే, కట్ట కొనుక్కో పో అని ఎట్లా చెప్పేది? పై మడత సరిగ్గా పెట్టేస్తే ఎవురికీ తెలీదు."

నిజానికి కంప్యూటరు గుంపుని విప్పడానికీ ఒక దొడ్డిదారి ఉంది. ఇవి వేరువేరే అని లినక్స్‌ని నమ్మించే చిన్న మార్పు. భద్రత తగ్గుతుంది, తర్వాత మీ ఇష్టం అని దానికి హెచ్చరిక కూడా రాసి ఉంటుంది. అది నాకు ముందే తెలుసు. కానీ అలాంటి పనులు నా స్థాయికి తగవని పక్కన పెట్టాను. నాయనే విప్పగా లేనిది నాదొక స్థాయా అనిపించింది. ఆ మార్పు వేసి, కార్డొక్కటే పంపాను. గదిలో నా తెర అలాగే ఉంది. హాల్లో టీవీ నల్లబడి, మళ్లీ వెలిగి, స్టేషన్లో నిలబడ్డ రైలు కనిపించింది. నేను ఏడ్చానని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఏడ్చాను, అయితే ఏం.

నాయన ఒళ్లో కీబోర్డు పెట్టుకుని ఎంతో జాగ్రత్తగా నడిపేవాడు. ఒకరోజు పచ్చ లైటు పడినా కదలడే. ఏంది నాయనా అంటే, "ఉండు పాపా, ఆ ప్లాట్‌ఫారం చివర ముసలాయన ఇంకా నడిచి వస్తాండాడు" అన్నాడు. ఇడ్లీలు సగం వదలడం మానేశాడు. ఇంకొకటి పెట్టమని అడిగాడు కూడా. నేను స్నేహితులందరికీ ఫోన్లు చేసి, ఒక గుండె రోగిని గ్రాఫిక్స్ కార్డుతో నయం చేసినట్టు చెప్పుకున్నాను.

కొన్ని వారాలకి, డాక్టరు సరేనన్న మర్నాడు, నాయన పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని చెప్పులు వెతుక్కుంటున్నాడు. గంటసేపు అంగట్లో కూర్చుని వస్తాడట. మరి రైలో అన్నాను.

"రైలు బాగుండాది పాపా. ఎంతసేపైనా నడపొచ్చు. కానీ నేను రాకపోతే ఏమాయెనని ఆ రైలుకాడ ఎవురూ అడగరు గదా."

అన్న స్కూటరు వెనక ఎక్కి వెళ్లిపోయాడు. నేను గదిలోకి వచ్చి, అంత పాటుపడి అమర్చిందంతా వదిలేసి పోయాడని మధ్యాహ్నం దాకా అలిగి కూర్చున్నాను. అలిగిన అప్పటి ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ముద్దూ వస్తుంది. ఇప్పటి నేనైతే ఆ స్కూటరు వెనకాలే వీధి చివరిదాకా సంతోషంగా చెయ్యి ఊపుతూ పరిగెత్తేదాన్ని.