చెవిన పడనంత వరకు

మిర్యాలగూడలో బ్లౌజులు కుట్టే శోభారాణికి దేవుడి మీద కోపం లేదు, ఉన్నదంతా భర్త దాయాదుల మీదే, ఆ పాలివాళ్ల మీదే. నాలుగేళ్ల కింద రైస్‌మిల్లులో బస్తాలు జారిపడి భర్త వీరేందర్ కాలు విరిగింది. మళ్లీ నడిస్తే యాదగిరిగుట్టలో ఒక రాత్రి నిద్ర చేస్తామని ఆమె మొక్కుకుంది. అతను నడిచాడు. కానీ రెండుసార్లు, తీరా బయలుదేరే ముందు, పాలివాళ్లలో ఎవరో ఒకరు పోయారు. వాళ్ల ఆనవాయితీలో ఎవరు పోయినా ఏడాది దాకా గుట్ట ఎక్కకూడదు. పోయేవాళ్లు కూడా ఏడాదికొకరు చొప్పున, వంతులేసుకున్నట్టే పోతున్నారు.

ఈసారి అన్నీ కుదిరాయి. శనివారం పొద్దున బస్సు, నల్గొండలో మారాలి. మిల్లులో రెండు రోజుల సెలవు, గుట్ట కింద గది దొరికాయి. భయమల్లా ఒక్కటే. పెన్‌పహాడ్‌లో వీరేందర్ తండ్రికి అన్న, పెద్దబాపు లక్ష్మయ్య మంచం పట్టి నెలయింది.

శోభారాణి రోజూ లక్ష్మయ్య కోడలు సుమతికి ఫోన్ చేసేది.

"మామకు ఎట్లుంది? జావ తాగిండా?"

"నీ అంత ప్రేమ సొంత బిడ్డలకు గూడ లేదక్కా" అని సుమతి మురిసిపోయేది.

ప్రేమ కాదు, పాడూ కాదు. జావ తాగితే ఆదివారం దాకా ఆగుతాడని ఆశ. ఆ సంగతి శోభారాణికి తెలుసు. తెలిసీ మర్నాడు మళ్లీ చేసేది.

వీరేందర్ కాలు విరిగినప్పుడు ఈ లక్ష్మయ్యే రోజూ బస్సెక్కి దవాఖానకు వచ్చాడు. గిన్నెలో జొన్నరొట్టెలు తెచ్చి, ఆమె తినేదాకా తను మంచం పక్కన కూర్చునేవాడు. అది గుర్తొస్తే ఆమె మిషన్ ఇంకా జోరుగా తొక్కేది.

శుక్రవారం సాయంత్రం సంచి సర్దుతుంటే ఫోన్ మోగింది. సుమతి. చావు కబురు చెవిన పడితేనే మైల, పడనంత వరకు లేదని శోభారాణి అత్త చెప్పేది. ఫోన్ మోగి ఆగింది, మళ్లీ మోగింది. ఆమె దాన్ని ఆపేసి చీరల మధ్య కుక్కింది. ఛార్జింగ్‌లో ఉన్న వీరేందర్ ఫోన్ కూడా ఆపేసింది.

"ఎవరే?" అన్నాడు వీరేందర్ లోపలి నుంచి.

"బ్లౌజ్ కోసం. రేపే కావాల్నంట."

అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది. పెద్దాయన నిజంగానే పోయి ఉంటే, కడసారి చూసుకోవాల్సిన భర్తకు అబద్ధం చెప్పి కూర్చోబెట్టినట్టే. ఈ మొహంతో దేవుడి ముందు ఎట్లా నిలబడడం? సిగ్గుతో చచ్చిపోయింది. చేయి కడుక్కుని, సంచిలోంచి ఫోన్ తీసి ఆన్ చేసి, తనే సుమతికి చేసింది.

ఎత్తింది సుమతి కాదు, లక్ష్మయ్య.

"శోభా" గొంతు సన్నగా ఉంది. "రేపు గుట్టకు పోతున్నరంట గదా."

"అవును మామా."

"రోజూ అడుగుతున్నవంట. నా మూలాన పరేషాన్ అయితున్నవని నాకు సమజైంది బిడ్డా. మీరు తిరిగొచ్చేదాక నాకేం గాదు తియ్. నిమ్మలంగ నిద్ర చేసి రాండ్రి."

అట్లెందుకంటవ్ మామా అనాలి. ఆయనతో ఆ అబద్ధం ఆడడానికి మనసొప్పలేదు.

అటువైపు ఆయన దగ్గి, ఊపిరి తీసుకుని, "సరేనా బిడ్డా?" అని అడిగాడు.